పెన్న ఒడ్డు కథలో ఊరు అతికించినట్టుంది, ఏం చేయాల?

పెన్నొడ్డు (సోమవారం, రాత్రి 9:12)

తాడిపత్రికీ జమ్మలమడుగుకూ మధ్య, పెన్న ఒడ్డున ఒక పల్లె. పేరు కల్పితం, కాలం 1990ల మొదలు. పన్నెండు పేజీల కథ, చిత్తుప్రతి అయింది. పాత్రలు నడుస్తున్నాయి గానీ ఊరు మాత్రం గోడకు అతికించిన క్యాలెండరు బొమ్మలాగుందని చదివినవాళ్ల మాట. మొదటి పేరా ఇదీ:

"పెన్నానది ఒడ్డున ఆ పల్లె ప్రశాంతంగా నిద్రపోతోంది. ఎర్రమట్టి దారి మీద దుమ్ము లేస్తోంది. గుడి పక్కన వేపచెట్టు వందేళ్ల చరిత్రకు సాక్షిగా నిలబడి ఉంది. ఆడవాళ్లు బిందెలతో ఏటికి వెళ్తున్నారు. అవతలి ఒడ్డున సూర్యుడు అస్తమిస్తున్నాడు."

తక్కిన పదకొండు పేజీలు ఏ ఊర్లో జరిగినా తేడా పడదు. అడిగేది రెండే. మన సీమ రచయితల్లో ఊరు అంత లోతుకు ఎట్లా దిగింది? దానికి కూర్చుని చేయదగ్గ పని ఉందా, లేక పుట్టుకతో రావాల్సిందేనా? "మనసుతో చూడు" లాంటి సలహాలు వద్దు, దండం పెడతా. నెలలు, కొలతలు, పొరపాట్లు చెప్పండి.

బుడ్డలమూట (సోమవారం, రాత్రి 9:20)

వేపచెట్టు సాక్ష్యం చెప్పడం మానేస్తే సగం సీమ కథలు బాగుపడతాయి. పాపం దాన్ని కోర్టుకు తిప్పి తిప్పి సంపినారు.

గుంటక (సోమవారం, రాత్రి 10:05)

అన్నా, ముందు మన్ను సరిచెయ్. తాడిపత్రి, జమ్మలమడుగు నడుమ అంటివి, దుమ్ము ఎర్రగా లేపితివి. ఆ పక్క ఎక్కువ నల్లరేగడి, దాని కింద నాపరాయి. ఎర్రమన్నే కావాలంటే పల్లెను ధర్మవరం, కళ్యాణదుర్గం దిక్కుకు జరుపుకో. ఇది రంగు మార్చే పని కాదు. మన్ను మారితే పంట మారతాది. పంట మారితే ఊర్లో డబ్బు తిరిగే నెల, అప్పు పుట్టే నెల మారతాయి. పెండ్లిండ్లు ఎప్పుడు పెట్టుకుంటారు, కూలోళ్లు ఎప్పుడు ఖాళీగా ఉంటారు, ఇవన్నీ దాని ఎనకాలే.

ఎర్రనేల లెక్క చెప్తా విను. జూన్, జూలైలో పదును వాన పడితే బుడ్డలు, అంటే వేరుశనగ, ఇత్తుతారు. ఎకరాకు 60, 70 కిలోల ఇత్తనపు పప్పు కావాల. ఇంట్లో ఇత్తనం లేనోడు ఆ వారమే అప్పుకు పోతాడు, ఎందుకంటే పదును నాలుగు రోజులు ఆగమంటే ఆగదు. వడ్డీకి ఇచ్చేటోనికి ఆ సంగతి తెలుసు. 25, 30 రోజులకు పూత. 40 దాటినాక ఊడలు, అంటే పూత నుంచి మన్నులోకి దిగి కాయ కట్టే కాడలు, దిగాల, అప్పుడు భూమి మెత్తగా ఉండాల. సరిగ్గా ఆ పొద్దు వాన ఎగ్గొడితే ఏమయితాదో కథల్లో ఎవరూ రాయరు. "చేను మాడిపోయింది" అంటారు. బుడ్డల చేను అట్ల ఒక్కసారి మాడదు. మధ్యాన్నం ఆకు ముడుచుకుంటాది, సాయంత్రానికి మళ్లీ తెరుచుకుంటాది. దారిన పోయేటోనికి పచ్చగానే కనపడతాది. చెట్టు పీకి చూస్తే కింద ఊడలు గట్టి మన్నులోకి దిగలేక, గాలిలోనే ఎండి, సూదుల్లాగుంటాయి. పైన పచ్చ, కింద సున్నా. దాన్ని చూసినోడు ఆ రాత్రి పెండ్లాంతో ఏం మాట్లాడతాడో రాయి, ఊరు దానంతట అదే వస్తాది.

నీది నల్లరేగడి గదా, ఆ లెక్క వేరే. ఆ మన్ను వాన తాగి దాచుకుంటాది. వానలు తగ్గినాక అక్టోబరు, నవంబరులో శనగ ఇత్తుతారు, ఎకరాకు 25 కిలోల పైచిలుకు. దాచుకున్న తేమ మీదా మంచు మీదా నూరు రోజులకు చేతికొస్తాది. శనగాకు మీద మంచు పుల్లగా ఉంటాది. పొద్దున్నే చేన్లో నడిచినోళ్ల పిక్కలు సురసురమంటాయి. గుడ్డ పరిచి ఆ పులుపును పట్టుకునేటోళ్లు. ఎండాకాలం నెర్రెలు ఇచ్చుకుంటే దూడ కాలు ఇరుక్కుంటాది. వాన పడితే చెప్పుకింద ఇంకో చెప్పు మందాన మన్ను అంటుకుంటాది, ఎవరూ వేగంగా నడవలేరు. అంటే నీ కథలో వాన పడిన పొద్దు ఎవడన్నా పరిగెత్తినాడంటే అబద్ధం.

ఇంకోటి. 1990ల మొదట్లో కథ అంటివి. జేజీ 11 శనగ రాయొద్దు, అది 1999లో విడుదలయింది. అప్పటికి అన్నెగిరి రకం. జొన్న, పత్తి, ధనియాలు గూడా ఆ చేన్లలో ఉండాల.

ఇసకదిన్నె (సోమవారం, రాత్రి 11:31)

ఏటి సంగతి. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం జిల్లాలో చానా దూరం ఉత్తరానికి పారుతుంది. పామిడి దాటాక తూర్పుకు తిరుగుతుంది. తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు దాటి చెన్నూరు, సిద్ధవటం మీదుగా సోమశిలకు పోతుంది. మొత్తం నడక 597 కిలోమీటర్లు. మీ పల్లె దగ్గర ఏరు పడమటి నుంచి తూర్పుకు పారుతోంది. కాబట్టి సూర్యుడు ఏటి పైదిక్కున, ఇసుక మీద కుంకుతాడు. "అవతలి ఒడ్డున సూర్యుడు అస్తమిస్తున్నాడు" అన్న వాక్యం పామిడికి ఎగువన చెల్లుతుందేమో గానీ మీ పల్లెలో చెల్లదు.

"ఒడ్డు" అన్న మాట కూడా ఒకటి కాదు. తాడిపత్రి దగ్గర బుగ్గ రామలింగేశ్వరుని గుడి ఏటి అంచునే ఉంది, ఏట్లోకి దిగి నడవొచ్చు. గండికోట దగ్గర అదే ఏరు సుమారు 300 అడుగుల లోతు కొండచీలికలో పారుతుంది, బిందె పట్టుకుని దిగే చోటు కాదు. మీ పల్లె ఆ రెంటిలో దేనికి దగ్గరో తేల్చుకోండి. గండికోట జలాశయం ఆ కాలానికి లేదు, నీళ్లు నిండిన లోయ రాయొద్దు.

నీళ్లకు పోవడమంటే పారే నీళ్లలో బిందె ముంచడం కాదు, ఏడాదిలో ఎక్కువ నెలలు చెలమ తవ్వడం. ఇసుకలో మూరెడు లోతు తవ్వితే మొదట మురికి నీళ్లు ఊరతాయి. వాటిని తోడి పారబోయాలి. మళ్లీ ఊరేదాకా ఆగాలి. తేటపడ్డాక చెంబుతో, కొబ్బరి చిప్పతో బిందెలోకి ఎత్తాలి. చెలమ ఇరుగ్గా తవ్వితే అంచు కూలి అంతా మళ్లీ మొదటికొస్తుంది, అందుకే నోరు వెడల్పుగా, వాలుగా తీస్తారు. ఎండ ముదిరేకొద్దీ మూర కాస్తా నిలువు చెయ్యవుతుంది. ఒక బిందె నిండేలోపు వెనక నిలబడ్డ ఇద్దరి మధ్య చానా మాటలు జరుగుతాయి. సంభాషణ రాయడానికి అంతకన్నా చోటు లేదు. ఎవరి చెలమ ఎవరిది, ఎవరు ఎవరి చెలమలో చెంబు పెట్టకూడదు అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. అది రాయకుండా "ఆడవాళ్లు ఏటికి వెళ్తున్నారు" అంటే ఎట్లా?

దేవునికడప (మంగళవారం, ఉదయం 6:48)

మొదటి ప్రశ్నకు వస్తాను. ఊరు రచయితలోకి దిగే దారి అందరికీ ఒకటి కాదు, అందుకే "నేటివిటీ" అన్న ఒక్క మాటతో సరిపెట్టడం నాకు నచ్చదు.

అన్నమయ్య (1408–1503) తాళ్లపాకలో పుట్టి చిన్నతనంలోనే తిరుమల చేరినవాడు. వెంట తీసుకుపోయింది ఊరి వర్ణన కాదు, ఊరి పాటల కట్టుబడి. సువ్వి అంటే దంపుడు పాట. జాజర, జోల, లాలి, ఏల ఇవన్నీ పనిలోనో పండుగలోనో జనం నోట ఆడే వరుసలు. రోకలి పడే లయ మీద వేంకటేశ్వరుణ్ణి ఎక్కించాడు. తాళ్లపాక గురించి ఆయన ఏం చెప్పాడని వెతికితే దొరికేది తక్కువ. ఎట్లా చెప్పాడన్న దాంట్లో మాత్రం పల్లె ఉంది.

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) సంగతి వేరు. చియ్యేడులో పుట్టి పెనుకొండలో పెరిగాడు. 1565 తర్వాత విజయనగర రాజులు రాజధాని మార్చుకున్న ఊరు అది. గగనమహలు, కూలిన బురుజులు, కొండ. మిగతావాళ్లకు చరిత్ర పుస్తకంలో ఉంటే ఆ పిల్లవాడికి ఆడుకునేచోట కాలికి తగిలింది. బాల్యం దాటీ దాటకముందే పెనుకొండ మీద కావ్యం రాశాడు.

విద్వాన్ విశ్వం (1915–1987) తరిమెల మనిషి. "పెన్నేటి పాట" కావ్యంలో ఏటిని వర్ణించి ఊరుకోలేదు. ఎండిన ఏటిని ఒక పేద జంట పొయ్యి దాకా తీసుకొచ్చాడు. మీ మొదటి పేరాలో లేనిది అదే: ఏరు ఉంది, పొయ్యి లేదు.

పుట్టుకతో రావాలా అన్నారు. కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు, బదిలీ అయి 1826లో మళ్లీ వచ్చాడు. ఈ ఊరు ఆయనకు దృశ్యం ఇవ్వలేదు, పనివాళ్లను ఇచ్చింది. జీతం ఇచ్చి పండితులను, ప్రతులు రాసే రాయసగాళ్లను కూర్చోబెట్టాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పని చూసుకునేవాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పాఠభేదాలు గుర్తించడం, ఆ తర్వాతే శుద్ధప్రతి రాయించడం, ఇదీ వరుస. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి, నిఘంటువు 1852లో మొదలై వచ్చింది. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అక్కడి నుంచి కూడా కొన్ని ఉపయోగాలున్నాయి, కందెనవోలు గారు చెప్తారని ఆగుతున్నా.

ఊరంటే మట్టి మాత్రమే అనుకుంటారు. మొహమాటం లేకుండా చిత్తుప్రతిని చీల్చే నలుగురు దొరికిన ఊరు కూడా రచయితను మలుస్తుంది. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) 1968లో కడప నుంచి "సంవేదన" పత్రిక నడిపిన కాలంలో ఇక్కడి కథకులు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశారంటే దానికి కారణం పెన్న కాదు, రారా కలం.

ఎర్రమన్ను (మంగళవారం, ఉదయం 9:15)

బాగుంది. కానీ ఆ జాబితానే తిరగేసి చూడండి. అన్నమయ్య పాడింది తిరుమలలో. విశ్వం పెన్న గురించి రాసేనాటికి ఉన్నది మద్రాసులో, పత్రికా ఉద్యోగంలో. బ్రౌన్ సరేసరి. ఊరు రాయిస్తుందన్నమాటే నిజమైతే ఊర్లో మిగిలినవాళ్లందరూ రాయాలి. ఊరు వదిలితే గానీ ఊరు కనపడదు. ఉన్నంతకాలం అన్నీ ముఖ్యంగానే ఉంటాయి, దూరం పోయాక ఏది వదిలేయొచ్చో తెలుస్తుంది.

అయితే దూరానికి ఒక రోగం ఉంది. జ్ఞాపకం బస్సెక్కిన ఏడాది దగ్గరే ఆగిపోతుంది. 2015లో జరిగే కథలో ఊరి బావికి కపిల (ఎద్దులతో నీళ్లు తోడే ఏర్పాటు) తోలిస్తారు. అందుకని రాయబోయే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ఊరికి ఏది ఎప్పుడొచ్చిందో, ఏది ఎప్పుడు పోయిందో వేసుకోండి: కరెంటు, మోటారు, బోరు, తారురోడ్డు, మొదటి టీవీ, మొదటి ట్రాక్టరు. ఊర్లో ముగ్గురిని వేర్వేరుగా అడిగితే ఏడాది అటూఇటూగా తేలుతుంది. జనం ఏడాది గుర్తుపెట్టుకోరు. "ఫలానావాళ్ల పెండ్లికి కరెంటుందా?" అని అడగండి, టక్కున చెప్తారు.

కపిల నిజంగానే ఉన్న కాలమైతే సరిగా రాయండి. ఎద్దులు పల్లానికి నడిచినప్పుడు బాన నీళ్లతో పైకొస్తుంది, వెనక్కి నడిచినప్పుడు ఖాళీ బాన దిగుతుంది. దీన్ని తిరగేస్తే రైతు పాఠకుడు అక్కడే పుస్తకం మూస్తాడు.

గవాచి (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

ఏరు, చేను అయ్యాయి. కథలో సగం ఇంట్లో జరుగుతుంది కదా, ఇంట్లోకి రండి. మట్టిమిద్దె ఎట్లా కట్టారో తెలియకుండా అందులో మనుషుల్ని కూర్చోబెడుతున్నారు.

గోడలు రాయీ మన్నూ, మందంగా. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు. దంతెల మీద సన్నకట్టెలు గానీ నాపబండలు గానీ. మీ ప్రాంతానికి నాపబండే సహజం. దాని మీద ఆకు పరిచి, మన్ను తొక్కి, అన్నిటికన్నా పైన చవుడు. చవుడు నీళ్లను లోపలికి పోనివ్వదు, కానీ ఏడాది వానకూ గాలికీ కరిగిపోతుంది. అందుకని వానలకు ముందే చవుడు తోలించి మిద్దెకు ఎత్తాలి. ఇది చేయని ఇల్లు ఊరందరికీ తెలుస్తుంది. మగదిక్కు లేకపోవడమో, డబ్బు లేకపోవడమో, అన్నదమ్ముల పంపకం తెగకపోవడమో. "ఆ ఏడు వాళ్లు మిద్దెకు చవుడెత్తలేదు" అన్న ఒక్క వాక్యం రెండు పేజీల కష్టాల వర్ణనకు సమానం.

మిద్దెకు నడుమ గవాచి ఉంటుంది, వెలుతురుకూ పొగ పోవడానికీ. వాన మొదలవగానే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండో కుండో బోర్లించాలి. అర్ధరాత్రి వాన పడితే ఎవరు లేస్తారు? ముసలాయనా, కొత్త కోడలా, అలిగి అరుగు మీద పడుకున్న కొడుకా? మిద్దె మీద అడుగు పడితే కింద పడుకున్నవాళ్ల మీద సన్నగా మన్ను రాలుతుంది. కండ్లు తెరవకుండానే ఎవరి అడుగో తెలుస్తుంది. ఎర్రమన్ను గారు దూరం గురించి చెప్పింది ఒప్పుకుంటా గానీ, ఈ మన్ను రాలడం మద్రాసు నుంచి ఊహిస్తే రాదు.

ఎర్రమన్ను (మంగళవారం, మధ్యాహ్నం 2:02)

ఊహిస్తే రాదు, గుర్తుంటే వస్తుంది. నేనన్నదీ అదే.

పెన్నొడ్డు (మంగళవారం, సాయంత్రం 6:30)

అందరికీ దండాలు. ఎర్రమట్టీ సూర్యుడూ ఇద్దరూ పోయారు. ఇంకా రెండు సందేహాలు. ఊరికి వెళ్లి చూడాలంటే ఏం పట్టుకుని వెళ్లాలి, ఎవరిని ఏమడగాలి? యాస ఎంతవరకు వాడాలి? "పోతాండాడు" అని రాస్తే కోస్తా పాఠకులు ఆగిపోతున్నారని ఒకరు, రాయకపోతే దొంగకథ అని ఇంకొకరు.

కందెనవోలు (మంగళవారం, రాత్రి 10:50)

వెళ్లే ముందు చదవాల్సింది చదవండి. కడప జిల్లాకు గ్రిబుల్ రాసిన మాన్యువల్ (జిల్లా వివరాల పుస్తకం) 1875ది, కర్నూలుకు గోపాలకృష్ణమ చెట్టిది 1886, అనంతపురానికి ఫ్రాన్సిస్ గెజెటీరు 1905. వీటిలో కథ దొరకదు. కరువులు, చెరువులు, దారులు, ఏ ఊర్లో ఏ రోజు సంత అన్నవి దొరుకుతాయి. వాటికన్నా రుచిగా ఉండేవి కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ సేకరించిన కైఫీయత్తులు. ఊరి కరణాలు తమ ఊరి పుట్టుకను తమ నోటితో చెప్పుకున్నవి. ఎవరు గుంట తవ్వించారు, ఏ పాళెగాడు ఎవరి పశువులు తోలుకుపోయాడు. కడప కైఫీయత్తులను బ్రౌన్ గ్రంథాలయమే సంపుటాలుగా వేసింది. వాటిని చరిత్ర అని నమ్మి ఎత్తిరాస్తే తప్పులో కాలేస్తారు. ఊరు తన గురించి ఏమని నమ్మిందో తెలుసుకోవడానికే చదవండి.

ఊరి పేరు విప్పి చూడటం రెండో పని. కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన కడప ఊర్ల పేర్ల మీదే. కథకుడికి అంతకన్నా మంచి సాధన ఏముంటుంది? మడుగు, కుంట, చెరువు, దిన్నె, మిట్ట, గుట్ట. పేరు చివరి ముక్క ఆ ఊరి నీటి చరిత్ర. జమ్మలమడుగులో మడుగు ఉంది, జమ్ము ఉంది. మా కర్నూలు అసలు పేరు కందెనవోలు. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఇరుసులకు కందెన పెట్టుకునేవని చెప్పుకుంటారు. మీ కల్పిత పల్లెకు పేరు పెట్టేటప్పుడు ఈ వరుస పాటించండి. పెన్న ఒడ్డు నల్లరేగడి ఊరికి "పురం" అని తగిలిస్తే తగిలించినట్టే ఉంటుంది.

ఇక నడక. ఒక్కసారి, అదీ చలికాలంలో, కారులో వెళ్లి రావడం వల్లనే క్యాలెండరు బొమ్మలు పుడతాయి. మూడుసార్లు వెళ్లండి: ఏప్రిల్ ఆఖర్లో, విత్తనం వేళ, కోత వేళ. ఊరి చివరి ఇంటి నుంచి ఏటి దాకా, బడి దాకా, బస్సు ఆగే చోటి దాకా నడిచి ఎన్ని నిమిషాలో రాయండి. అవే నిమిషాలు నిండు బిందెతో ఎన్నవుతాయో నడిచేవాళ్ల వెనకే నడిచి చూడండి. పాత్రలు ఎక్కడెక్కడ ఎదురుపడగలరో, ఎక్కడ ఎవరి కంటా పడకుండా మాట్లాడుకోగలరో ఆ దూరాలే చెప్తాయి. నోటుబుక్కులో కుడి పేజీ మీద చూసింది మాత్రమే రాయండి, ఎడమ పేజీ ఖాళీ. విన్నదీ, తర్వాత తెలిసిందీ, మీ ఊహా ఎడమ పేజీకి పోవాలి. ఈ రెండూ కలిస్తే నెల తర్వాత ఏది కన్నదో ఏది కట్టుకున్నదో మీకే తెలియదు. ఫోను ఫోటోలు తీయండి గానీ నోట్సు రాసుకున్నాకే. ముందు ఫోటో తీసినవాడు చూడటం మానేస్తాడు, వాసనా చప్పుడూ అందులో పడవు.

పెద్దవాళ్లను "పాత రోజులు ఎట్లుండేవి పెద్దాయనా?" అని అడక్కండి. ఉపన్యాసం వస్తుంది. "ఈ బావికి ఎవరెవరు నీళ్లకొచ్చేవాళ్లు, ఎవరు రాకూడదు?" అని అడగండి. "ఈ గోడ ఎందుకు సగంలో ఆగింది?" అని అడగండి. ఊరి నిజం ఆ ప్రశ్నల్లో కదులుతుంది. మగవాళ్లనే అడిగి వచ్చేయడం ఇంకో పొరపాటు. చెలమ సంగతి వాళ్లకు సగమే తెలుసు.

పోతన ఒంటిమిట్టవాడా బమ్మెరవాడా, మొల్ల గోపవరం ఏది అన్న వాదాల్లోకి కథను లాగవద్దు. ఒంటిమిట్టలో పాత్రను నిలబెడితే ఆ పాత్ర పోతన మావాడే అని నమ్ముతుంది, అంతే రాయండి. తీర్పు చెప్పడం కథకుడి పని కాదు.

చివరిది. సీమ అనగానే సుమోలూ బాంబులూ తెచ్చి పెట్టే అలవాటు సినిమాలది. మీ కథకు అది అవసరమైతే రాయండి, కానీ నిజంగా జరిగిన గొడవల్లోని ఇంటిపేర్లు, ఊరి పేర్లు తీసేయండి. అక్కడ బతుకుతున్న మనుషులున్నారు.

నిర్వాహకులు (బుధవారం, ఉదయం 7:10)

ఏ ఊరు ఏ జిల్లాలో అన్న కొట్లాటతో వచ్చిన ఆరు జవాబులు తీసేశాం. రాసేవాళ్లకు పనికొచ్చే ముక్క మాత్రం ఇక్కడ ఉంచుతున్నాం. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, అంతకుముందు కథలో తాడిపత్రి రైతు కలెక్టరు కచేరీకి బళ్లారి పోవాలి. "రాయలసీమ" అన్న పేరు 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది, అంతకుముందు దత్తమండలాలు. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా రాజధాని. నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, 1990ల కథలో అవి ఉండవు.

గవాచి (బుధవారం, ఉదయం 11:25)

యాస ప్రశ్న. అక్షరాలు వంకరగా రాయడమే యాస అనుకోవడం దగ్గర తప్పు మొదలవుతుంది. "వాడు" ను "వాడ్రా" చేసి, ప్రతి వాక్యం చివర "అప్పా" తగిలిస్తే అది మిమిక్రీ. యాస ముందు క్రియలో ఉంటుంది. చేశాడు కాదు, చేసినాడు. ఉంది కాదు, ఉండాది. వెళ్తున్నాడు కాదు, పోతాండాడు. ఎక్కడ, అక్కడ కాదు, యాడ, ఆడ. ఈ నాలుగైదు మార్పులు పాటిస్తే చాలు, మిగతావి సాదాగా ఉన్నా సీమ మాట చెవికి తెలుస్తుంది. ముఖ్యమైంది నిలకడ. రెండో పేజీలో "పోతాండాడు" అన్న మనిషి తొమ్మిదో పేజీలో "వెళ్తున్నాడు" అంటే పాఠకుడు గమనిస్తాడు. ఒక్కో పాత్రకు ఒక్కో చీటీ రాసి ఎదురుగా పెట్టుకోండి. బడి పంతులు, తాడిపత్రిలో చదువుతున్న పిల్ల, ఏటి ఒడ్డు దాటని అవ్వ, ముగ్గురూ ఒకేలా మాట్లాడరు.

సీమంతా ఒకే యాస కూడా కాదు. మడకశిర, హిందూపురం వైపు కన్నడం కలుస్తుంది, కర్నూలు పట్టణంలో ఉర్దూ కలుస్తుంది. మీ పల్లెకు అవి రెండూ అంత పట్టవు.

వస్తువుల పేర్ల దగ్గర మాత్రం రాజీ వద్దు. మడక, గొర్రు, గుంటక, జడ్డిగం, వామి, చెలమ. వీటికి అర్థం పక్కనే రాయకండి. పనిలో పెట్టండి. జడ్డిగంలోకి గింజలు వదిలే చెయ్యి చూపిస్తే అది ఏమిటో విజయనగరం పాఠకుడికి కూడా తెలుస్తుంది. పేజీకి ఇట్లాంటి కొత్త మాటలు రెండు మూడు దాటితే మాత్రం నిఘంటువు చదివినట్టుంటుంది.

ఎర్రమన్ను (బుధవారం, మధ్యాహ్నం 12:10)

కథనం కూడా యాసలోనే పెట్టొచ్చు, చెప్పేవాడు ఊరి మనిషైతే. బయటినుంచి చెప్పే గొంతుకు యాస పెడితే అది వేషం. మీ కథలో చెప్పేది ఎవరో ముందు తేల్చుకోండి. ఆ ఒక్కటీ తేలితే ఈ వాదం సగం తగ్గుతుంది.

పెన్నొడ్డు (గురువారం, రాత్రి 8:45)

మొదటి పేరా కొట్టేసి మళ్లీ రాశా. పొరపాట్లుంటే చెప్పండి.

"కార్తీకం పొద్దు బారెడు ఎక్కింది. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసి, లక్ష్మమ్మ చెలమ అంచున గొంతుక్కూచుంది. ఇసుక చెమ్మ పాదాలకు ఎక్కుతాంది. వెనక రెండు బిందెలు వంతులో ఉన్నాయి, వాటిలో ఒకటి చిన్నాడపడుచుది. పలకరించాలంటే తలతిప్పాల. తిప్పలేదు. ఆ ఏడు వాళ్లు మిద్దెకు చవుడెత్తలేదు. ఆ సంగతి అడగకుండా చిన్నాడపడుచు నీళ్లు పట్టుకుని పోదు."

బుడ్డలమూట (గురువారం, రాత్రి 8:52)

వేపచెట్టు విడుదలయింది. సంతోషం.

గుంటక (గురువారం, రాత్రి 9:30)

బాగుండాది. కార్తీకంలో చెలమ ఎందుకు తవ్వుతారన్నా? వాన పడిన ఏడైతే అప్పటికింకా ఏట్లో సన్నగా పారతానే ఉంటాది. వాన పడని ఏడైతే ఆ మాట ముందే చెప్పాల. మాఘం చెయ్.

పెన్నొడ్డు (గురువారం, రాత్రి 9:41)

మాఘం చేసినా.

గుంటక (గురువారం, రాత్రి 9:58)

మాఘమంటే శనగ కోతలు. పొద్దు బారెడెక్కినాక ఆడోళ్లు చెలమ దగ్గర ఉండరు, చేన్లో ఉంటారు. ఎండ ముదిరితే కాయ రాలుతాది, అందుకని కోత తెల్లారకముందే మొదలయితాది. మీ లక్ష్మమ్మను కోడికూతకు లేపు. చీకట్లో అయితే ఎనక బిందె ఎవరిదో తలతిప్పకుండా ఎట్ల తెలిసిందో గూడా రాయాల్సొస్తాది.

ఇసకదిన్నె (గురువారం, రాత్రి 10:15)

గాజుల చప్పుడు. లేకపోతే బిందె ఇసుకలో పెట్టే తీరు. ఇత్తడి బిందె ఒకలా కూచుంటుంది, ప్లాస్టిక్ బిందె ఒరిగిపోతే మళ్లీ మళ్లీ సర్దుకోవాల.

పెన్నొడ్డు (గురువారం, రాత్రి 10:22)

ఆ ఇంట్లో ఇత్తడి బిందె ఉన్నది ఆడపడుచుకే. సరిపోతుంది. తెల్లవారుజాముకు మారుస్తున్నా.